పంచకం దాటేదాకా

అక్టోబర్ 28, సోమవారం

సాంచాలు ఆగితేనే ఆ దగ్గు వినబడుతుంది.

ఇంటి పక్క కార్ఖానాలో ఎనిమిది సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుస్తున్నంతసేపు సిరిసిల్లలో ఇంకే చప్పుడూ లేనట్టే ఉంటుంది. కరెంటు పోగానే చెవులు కాసేపు గుయ్యిమంటాయి. తర్వాత వెనక రేకుల గదిలోంచి, అక్కడ కిరాయికుండే సామేలు కాక దగ్గు వస్తుంది. ముందు చిన్నగా, ఎవరినో పిలవబోయి ఆగినట్టు. ఆ తర్వాత ఆగకుండా.

దేవదాస్ సార్ డైరీ రాయమన్నారు. డిగ్రీలో తెలుగు తీసుకున్నవాళ్లం నలుగురమే. రోజుకొక మాట పట్టుకొని దాన్ని ఒక వాక్యంలో బతికించాలట. ఎవరికీ చూపించనక్కర్లేదట.

ఈ రోజు మాట: అలికిడి. "వెనక గదిలో అలికిడి లేదు." ఉంది. వేరే వాక్యం రాయాలి.

అక్టోబర్ 30, బుధవారం

సామేలు కాకను కరీంనగర్ దవాఖాన నుంచి తీసుకొచ్చారు. నిన్న పోయేటప్పుడు తన ట్రాలీ ఆటో తనే నడుపుకుంటూ పోయిన మనిషి, అల్లుడు ప్రభాకర్ భుజం మీద వాలి దిగాడు.

అమ్మ చేటలో బియ్యం ఏరుతూ లేచింది. "తగ్గిందా బాలవ్వా?"

"ఇంటికి తీస్కపొమ్మన్నరక్కా," అంది కాక భార్య బాలవ్వ చిన్నమ్మ.

"తగ్గిందనా?"

"తగ్గిందని కాదు."

అమ్మ మళ్లీ కూర్చుంది. చేట ఒళ్లో ఉంది కానీ ఏరలేదు.

కాక మాత్రం నన్ను చూసి ఆగాడు. "ఏం పంతులమ్మా, ఇయ్యాల ఏం మాట దొరికింది?" నేను తెలుగు చదువుతున్నానని తెలిసినప్పటి నుంచి రోజూ ఇదే అడుగుతాడు. ఇంట్లో ఇంకెవరూ అడగరు.

"అలికిడి, కాకా."

"అది మాకు తెల్వదా? ఎలుకలది. దానికి కాలేజీ దాక పోవాల్నా?" అని నవ్వాడు. నవ్వు దగ్గయింది. చిన్నమ్మ వీపు రాస్తూ లోపలికి తీసుకుపోయింది.

నాకు గుర్తున్నప్పటి నుంచి బాపు నూలు బస్తాలూ గుడ్డ బేళ్లూ అన్నీ కాకే మోశాడు, కాకే తోలాడు. బాపును ఆసామి అంటాడు, సాంచాల యజమాని అని. వాళ్లది బోయినపల్లి దిక్కు ఊరు. మానేరు డ్యామ్ కట్టినప్పుడు ఊరు ఊరంతా నీళ్లలో పోయింది. బదులుగా కాలనీలో ఇచ్చిన జాగా దవాఖానల కోసం అమ్ముకున్నారు. కూతురు అఖిల కోరుట్లలో ఉంటుంది, అది కూడా కిరాయి ఇల్లే. చిన్నమ్మ బీడీలు చుడుతుంది. వెనక గది ముందు ఎప్పుడూ తంబాకు వాసన ఉంటుంది. ఈ రోజు మందుల వాసన దాన్ని మింగేసింది.

నవంబర్ 2, శనివారం

ఎదురింటి బాలలక్ష్మి అత్త వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది. నేను లోపల చదువుకుంటున్నాను. కరెంటు లేదు, అందుకే అన్నీ వినబడ్డాయి.

"అనురాధా, నీకు ధైర్నం ఎక్కువనే పిల్లా."

"ఏం ధైర్నం?"

"మనిషి గట్లున్నడు. ఇంట్లనే పెట్టుకుంటివి. పంచకంల పానం పోతే?"

అమ్మ పొయ్యి మీది గిన్నె దించిన చప్పుడైంది.

"ఆరు నెల్లు ఇల్లు పాడువెట్టాలె. వాళ్లకేంది, కిరాయోళ్లు, మూట కట్టుకొని పోతరు. ఇల్లు నీది గదా."

"వాళ్లు చర్చికి పోతరు. వాళ్లకు పంచకాలు ఉండయి."

"వాళ్లకు లేకుంటేంది, గోడలు మీవి గాదా?"

అప్పుడే వెనక నుంచి దగ్గు వచ్చింది. దగ్గు ఆగేదాకా ఎవరూ మాట్లాడలేదు. ఆగిన తర్వాత కూడా.

ఈ రోజు మాట రాయడం మరిచాను.

నవంబర్ 4, సోమవారం

బాపు పంచాంగం చూసే అయ్యగారి దగ్గరికి పోయి వచ్చాడు. ధనిష్ఠ పంచకం తొమ్మిదో తారీఖున మొదలు. చంద్రుడు ధనిష్ఠ నుంచి రేవతి దాకా ఐదు నక్షత్రాలు దాటేదాకా.

ఆ రోజుల్లో ఇంట్లో ఎవరైనా పోతే ఆరు నెలలు ఇల్లు మూయాలి. దీపం పెట్టకూడదు, పొయ్యి వెలిగించకూడదు, మనిషి నిద్రపోకూడదు. మా గల్లీ చివరి ఇల్లు నా చిన్నప్పుడు అలా మూసి ఉంది. బడికి పోయేటప్పుడు దాని ముందు మాత్రం పరుగెత్తేవాళ్లం. ఎవరూ లేని ఇల్లు అంతసేపు మనవైపే ఎలా చూస్తుందో అప్పుడు అర్థం కాలేదు. మళ్లీ తలుపులు తీసేసరికి సాంచాలన్నీ తుప్పు పట్టాయి. ఆ ఇంటాయన ఇప్పుడు వేరేవాళ్ల కార్ఖానాలో కూలికి నేస్తున్నాడు.

"ఎనిమిది సాంచాలు భూమిల పాతి ఉన్నయి," అన్నాడు బాపు అన్నం ముందు. "ఇల్లు పాడువెట్టుమంటే వీటిని యాడికి తీస్కపోవాలె? నెత్తి మీద పెట్టుకొని తిరుగాల్నా?"

"నన్నెందుకు అరుస్తవ్," అంది అమ్మ.

బాపు అరవలేదు. సాంచాల మధ్య పెరిగినవాళ్ల గొంతు మామూలుగానే అలా ఉంటుంది.

నవంబర్ 5, మంగళవారం

బాపు కాలేజీ దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ రాడు. బండి మీద ఎక్కించుకొని సగం దారిలో ఆపాడు.

"పంచకం దాటేదాక కోరుట్లల బిడ్డ దగ్గర ఉండుమని చెప్పాలె. అటెన్క రానీ, ఎవలొద్దన్నరు?"

"చెప్పు బాపూ."

"నాకు నోరు రాదు బిడ్డా. వాడు, నేను ఒక్క ఈడోళ్లం. నువ్వు చదువుకున్నవు, మెత్తగ చెప్పస్తది నీకు. నీ మాట వింటడు వాడు."

నాకు భయమేసింది. నిజం రాయాలంటే, కొంచెం గర్వంగా కూడా ఉంది. మా ఇంట్లో నా చదువుతో పని పడడం ఇదే మొదటిసారి.

ఈ రోజు మాట: అనునయం. ఎదుటివాళ్ల మనసు నొప్పించకుండా ఒప్పించడం.

నవంబర్ 6, బుధవారం

ఎలా చెప్పాలో రాసి చూసుకుంటున్నాను.

"కాకా, మీరు కొన్నాళ్లు కోరుట్ల పోతే మంచిది." (ఎవరికి మంచిది అని అడిగితే?)

"కాకా, అఖిల మిమ్మల్ని చూడాలనుకుంటోంది." (నాకెలా తెలుసు?)

"కాకా, ఇక్కడ సాంచాల చప్పుడు, దుమ్ము. మీ ఊరి గాలికి..." (ఊరు ఎక్కడుంది?)

"కాకా, బిడ్డ దగ్గర నాలుగు రోజులుంటే మీ మనసు కుదుటపడుతుంది. తర్వాత రండి. గది మీదే."

చివరిది బాగుంది. 'కుదుటపడడం' మంచి మాట. అందులో అబద్ధం కూడా లేదు.

నవంబర్ 7, గురువారం

చెప్పాను.

కాక మంచం మీద గోడకు ఆనుకొని ఉన్నాడు. చిన్నమ్మ గడప దగ్గర తునికాకు కత్తిరిస్తోంది. నేను కూర్చోగానే కాక అడిగాడు, "ఇయ్యాల ఏం మాట?"

నేను రాసుకున్నదంతా చెప్పాను. ఒక్క మాట తడబడలేదు. కుదుటపడుతుంది అన్నాను. గది మీదే అన్నాను. కత్తెర చప్పుడు ఆగింది.

కాక నన్నే చూస్తూ విన్నాడు. చివరికి, "పంచకం ఎప్పటి నుంచి?" అన్నాడు.

"అయ్యో, అది కాదు కాకా."

"నేను ఈ ఇంటికి నూలు మోసుడు మొదలుపెట్టినప్పుడు నువ్వు పుట్టలే. నాకు తెల్వదా? మాకు నచ్చత్రాలు లేకపాయె, నా సావుకు గూడ మీ అయ్యగారే ముహూర్తం పెట్టాల్నా?" అని నవ్వాడు. కోపంగా కాదు. నాకు సులువు చేయడానికి నవ్వినట్టు.

"గమ్మున ఉండు," అంది చిన్నమ్మ.

"ఏం తప్పు మాట్లాడిన? ఆసామి భయం ఆసామిది. ఆయన సాంచాలు ఆగితే ఆయనకున్నది ఏంది?" కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఆడ అఖిలోళ్ల ఇంటి ఓనరు గూడ గట్లనే మొకం పెడతడు గని, నాలుగొద్దులంటే ఓర్సుకుంటడు. పంతులమ్మా, ఒక్కటి చెప్పు. మల్ల రావచ్చు గదా?"

"తప్పకుండా కాకా."

"నువ్వు చెప్తున్నవా, ఆసామి చెప్తున్నడా?"

"నేను చెప్తున్న."

"ఇగ మంచిదే. దవాఖానల కండ్లు మూసుకుంటే తెల్లగ, ఏం కనబడకుండ ఉంటుండె. ఈడ గీ రేకులు, గీ సాంచాల సప్పుడు. ఈ సప్పుడుల పోతే మనుషుల నడుమ పోయినట్టుంటది. మల్ల తీస్కరావే బాలవ్వా, పంతులమ్మ మాట ఇచ్చింది."

బయటికి వచ్చాక బాపు అడిగాడు, "ఏమన్నడు?"

"సరే అన్నాడు."

బాపు నా తల నిమిరాడు. అమ్మ రాత్రికి నాకు ఇష్టమని కోడిగుడ్డు పులుసు చేసింది. నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. మళ్లీ చదువుకున్నాను, లేదు.

నవంబర్ 9, శనివారం

పొద్దున్నే పోయారు. ప్రభాకర్ ఆటో తెచ్చాడు. పరుపు, మందులు, రెండు జతల బట్టలు తప్ప అన్నీ గదిలోనే ఉంచారు, మళ్లీ వస్తారు కదా. చిన్నమ్మ తాళం వేసి, తాళంచెవి కొంగుకు కట్టుకుంది.

బాపు కార్ఖానాలోంచి బయటికి రాలేదు. ఆటో కదిలేటప్పుడు కాక అటు తిరిగి, "ఆసామీ, పోయొస్త," అన్నాడు. సాంచాల చప్పుడులో బాపుకు వినబడి ఉండదు.

నవంబర్ 11, సోమవారం

చిన్నమ్మ ఫోన్ చేసింది. అఖిల ఇంటి ఓనరు ఏదో ఒక సాకుతో రోజూ గది ముందుకు వస్తున్నాడట. నిన్న బల్బు చూడ్డానికి వచ్చాడట, ఇవాళ నల్లా చూడ్డానికి.

"మీ కాక ఏమన్నడో ఎరికేనా? నేను బతికే ఉన్న సారూ, రేపు రాండ్రి అన్నడు."

నవ్వింది. నేనూ నవ్వాను.

"గురువారంతోటి అయిపోతది గదా పంతులమ్మా?"

"అయిపోతది చిన్నమ్మా."

నవంబర్ 12, మంగళవారం

మధ్యాహ్నం కరెంటు పోయింది. దగ్గు లేదు. లేదని తెలిసినా దాని కోసం ఆగాను.

నవంబర్ 14, గురువారం

పంచకం దాటింది.

కాలేజీ నుంచి వచ్చేసరికి వెనక గదికి చిన్నమ్మ తాళం పక్కన ఇంకో తాళం ఉంది. కొత్తది, పెద్దది.

"బాపూ, రేపో మాపో వస్తరు కదా."

"పంచకం ఒక్కసారే వస్తదా? నెల నెల వస్తది. నెల నెల పంపుతమా? మల్ల వచ్చే నెల నువ్వే పోయి చెప్తవా?"

బాపు కార్ఖానాలోకి పోయాడు.

ఆలోచిస్తే బాపు చెప్పినదీ నిజమే. కోరుట్లలో కూతురు దగ్గరే కాకకు సుఖం. చూసుకునేవాళ్లు ఉంటారు. బాపు మనసు మెత్తన, రెండు రోజుల్లో ఆ తాళం తనే తీసేస్తాడు కూడా.

నవంబర్ 15, శుక్రవారం

చిన్నమ్మ ఫోన్ మూడుసార్లు వచ్చింది. క్లాసులో ఉన్నాను. చివరిసారి క్లాసులో లేను.

నవంబర్ 16, శనివారం

కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తాను. అఖిల.

"అక్కా, ఇంటాయన ఖాళీ చెయ్యమంటున్నడు మమ్మల్ని గూడ. మా బాపు మీ దగ్గరికే అంటున్నడు. రేపు ఆటోల తీస్కస్తున్నం. ఉంటరు గదా?"

"ఊఁ," అన్నాను.

అది అవునో కాదో ఆమెకు తెలియదు. నాకు తెలుసా?

బాపుకు చెప్పాను. రాత్రి అన్నం తినేటప్పుడు బాపు, రేపు జగిత్యాలలో ప్రేమ్‌సాగర్ మామ ఇంట్లో పెళ్లి, నేను, మీ అమ్మ పొద్దున్నే పోతున్నం అన్నాడు. అమ్మ తలెత్తి చూసి మళ్లీ దించుకుంది. పెళ్లికి పోవాలని ముందే అనుకున్నారట.

"పరీక్షలున్నయి కదా, నువ్వు చదువుకో. ఎవలచ్చినా గేటు తియ్యకు."

నవంబర్ 17, ఆదివారం

ఈ రోజు ఏమీ జరగలేదు. పరీక్షకు చదువుకున్నాను.

నవంబర్ 18, సోమవారం

ఛందస్సు పూర్తయింది. అలంకారాలు మిగిలాయి.

నవంబర్ 19, మంగళవారం

మాట దొరకలేదు.

నవంబర్ 20, బుధవారం

ప్రభాకర్ బాపుకు ఫోన్ చేశాడు. సామేలు కాక సోమవారం సాయంత్రం జగిత్యాలలో దవాఖాన వరండాలో పోయాడు. మంచం దొరకలేదట. కోరుట్ల ఇంటాయన శవాన్ని వాకిట్లో కూడా దించనియ్యనన్నాడట. దవాఖాన నుంచి నేరుగా సమాధుల దగ్గరికే తీసుకుపోయారు. స్నానం అక్కడే, నల్లా కింద. ఏ ఇంటి ముందూ దించలేదు.

బాపు ఫోన్ పెట్టి గోడ మీది క్యాలెండర్ దగ్గరికి పోయాడు. సోమవారం మీద వేలు పెట్టి, కళ్లద్దాలు సర్దుకొని చదివాడు.

"ఆరుద్ర. ఏ దోషం లేదు," అన్నాడు.

ఎవరికి చెప్పాడో తెలియదు. వేలు అక్కడే ఉంది. అమ్మ వచ్చి ఆ చేతిని పట్టుకొని కిందికి దించింది.

నవంబర్ 21, గురువారం

ఆదివారం గురించి రాయాలి. ఎవరూ చదవరు కదా.

సాంచాలు ఆగి ఉన్నాయి, సెలవు. గల్లీ మొదట్లోనే ఆటో చప్పుడు తెలిసింది. నేను ముందు గదిలో చాప మీద ఉన్నాను. కిటికీ మూసే ఉంది, నేను కావాలని మూయలేదు, పొద్దుటి నుంచే మూసి ఉంది. ఆటో ఆగింది. ప్రభాకర్ "ఆసామీ" అని పిలిచాడు. గేటు కొట్టాడు. తర్వాత చిన్నమ్మ, "పంతులమ్మా."

ఫోన్ వెలిగింది. మోగితే బయటికి వినబడుతుందని దిండు కింద పెట్టి, దిండు మీద చెయ్యి పెట్టాను. అరచేతిలో అది కొట్టుకోవడం తెలుస్తోంది. ఆగింది. మళ్లీ కొట్టుకుంది.

తర్వాత దగ్గు. ఎప్పుడూ గోడల అవతల వినేదాన్ని, ఈసారి తలుపు ముందరి గేటు అవతలే ఉంది. దగ్గు మధ్యలో పీల్చుకునే గాలి కూడా వినబడింది.

"ఇంట్ల ఎవ్వలు లేరు," అంది చిన్నమ్మ. "పంతులమ్మ ఉంటే తీసేది."

"జరసేపు చూద్దాం," అన్నాడు కాక. గొంతు చాలా చిన్నగా ఉంది. "కాలేజీకి పోయుంటది. వస్తది."

చిన్నమ్మ ఏదో అంది. అది నాకు వినబడలేదు.

వాళ్లు ఆగారు. నాకు దాహమేసింది కానీ బిందె దాకా నడవలేదు. తలుపు కింద సందులోంచి ఎండ చాప దాకా వచ్చి, చాప దాటిపోయింది. బాలలక్ష్మి అత్త వాళ్ల తలుపు తెరుచుకొని, మళ్లీ మూసుకుంది. తీస్తే ఏమవుతుందో అనుకుంటూ కూర్చున్నాను. బాపు తిడతాడు, అంతే. ఇంకేమీ తోచలేదు. అయినా లేవలేదు. వెనక గది కొత్త తాళంచెవి బాపు జేబులో ఉంది కాబట్టి లేచినా లాభం లేదని కూడా అనుకున్నాను. మా ముందు గదిలో పడుకోబెట్టవచ్చు అన్నది ఈ రోజు తోచింది.

ఆటో పోయిన తర్వాత లేచి నీళ్లు తాగాను. ఆ తర్వాత చదువుకున్నాను. నిజంగానే చదువుకున్నాను. ఆ రోజు చదివిన పద్యాలు ఇప్పటికీ నోటికి వస్తున్నాయి.

నవంబర్ 24, ఆదివారం

బాపు ఈ రోజు సాంచాలు ఆపలేదు. సెలవు కదా అని పనివాళ్లు అడిగితే పని ఎక్కువుందన్నాడు. లేదు.

నవంబర్ 27, బుధవారం

సాయంత్రం కరెంటు పోయింది. నేను, అమ్మ వంటింట్లో ఉన్నాం. సాంచాలు ఒక్కొక్కటిగా ఆగాయి. చెవులు గుయ్యిమన్నాయి.

ఎవరినో పిలవబోయి ఆగినట్టు.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ అప్పటికే వెనక గోడ వైపు తలెత్తి ఉంది. పిండి చేతులు అలాగే గాలిలో ఉన్నాయి. నన్ను చూసి, "పిల్లి," అంది.

కరెంటు వచ్చాక అమ్మ సాంబ్రాణి వేసి వెనక గది దాకా పోయింది. తాళాల ముందు నిలబడి, లోపలికి పోకుండానే తిరిగి వచ్చింది.

దేవదాస్ సార్ ఈ రోజు అడిగారు, మాటలు పోగుచేస్తున్నారా అని. అందరూ చెప్పారు. నా వంతు వచ్చేసరికి నాకు ఇంకో గొంతు వినబడింది. ఇయ్యాల ఏం మాట దొరికింది? నేను లేచి నిలబడి అలాగే ఉండిపోయాను. కూర్చోమన్నారు.

డిసెంబర్ 1, ఆదివారం

పనివాళ్లు రాలేదు. సాంచాలు నడిపే వీరేందర్ అన్న నిన్ననే చెప్పి పోయాడు. "ఆసామీ, ఆదివారం గూడ నడుపుతనంటే నువ్వే నడుపుకో. మా ఇండ్లల్ల గూడ పెండ్లాం పిల్లలున్నరు, మా మొకాలు మరుస్తున్నరు."

బాపు ఒక్కడే కార్ఖానాలోకి పోయి అన్ని సాంచాలూ వేశాడు. కొన్నింటికి పడుగు అయిపోయింది, నూలు లేదు. అవీ వేశాడు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. పోగును మోసే నాడె అటు పోతోంది, ఇటు వస్తోంది. మధ్యలో ఏమీ లేదు. బాపు వాటి మధ్య స్టూలు వేసుకొని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని కూర్చున్నాడు. నన్ను చూశాడు. నేను వెళ్లి పక్కన నేల మీద కూర్చున్నాను. చీకటి పడేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం. ఆ చప్పుడులో మాట్లాడుకోలేం, అదే బాగుంది.

డిసెంబర్ 3, మంగళవారం

చిన్నమ్మ వచ్చింది. సామాను కోసం.

బాపు తాళంచెవి నా చేతికిచ్చి బజారుకు పోయాడు. అమ్మ చాయ్ పెట్టి ఇచ్చింది. చిన్నమ్మ తాగింది. ఏడవలేదు. అమ్మే కొంగుతో కళ్లు తుడుచుకుంటూ లోపలికి పోయింది.

గది తీశాను. మందుల వాసన పోయింది, తంబాకు వాసన మిగిలింది. చిన్నమ్మ గిన్నెలు, బీడీల చేట, కత్తెర, కాక చొక్కాలు ఒక పాత చీరలో పెట్టి కట్టుకుంటోంది. నేను చీర కొసలు పట్టుకున్నాను.

"ఆ దినం వచ్చినం పంతులమ్మా."

"అవునా చిన్నమ్మా," అన్నాను.

"చానసేపు చూసినం. పంతులమ్మ కాలేజీకి పోయింది, వస్తది అన్నడు మీ కాక."

నా దగ్గర ఎన్నో మాటలు ఉన్నాయి. ఇన్నాళ్లూ పోగుచేసినవన్నీ.

"అవును చిన్నమ్మా. కాలేజీకే పోయిన."

ఆమె ముడి బిగించింది. గట్టిగా, రెండుసార్లు.

"ఆదివారం గదా బిడ్డా."

నన్ను చూడలేదు. కోపం లేదు గొంతులో.

"నేను గదే అన్న ఆయనతోటి. ఇయ్యాల ఆదివారం, లోపట్నే ఉంటది అన్న. నువ్వు ఊకోవే, పిల్ల వింటది అన్నడు."

మూట ఎత్తమంది. ఎత్తాను. నెత్తి మీద సర్దుకొని ఒక చెయ్యి ఆనించి పట్టుకుంది. రెండో చేతిలో చేట ఉంది. అందుకని గేటు దాకా నేనే ముందు నడిచి తీశాను.

గేటు బరువేమీ లేదు. లోపలి నుంచి ఒక్క వేలితో లేపితే గొళ్లెం వస్తుంది.